ఊళ్ళు వదిలేసిన వస్తువుల వెంట

ఆదివారం పొద్దున్న అహ్మదాబాద్‌లో ఎల్లిస్ బ్రిడ్జి పక్కన సబర్మతి ఒడ్డుకు దిగితే, ఊళ్ళో ఇళ్ళన్నిటినీ ఎవరో బోర్లించి దులిపారా అనిపిస్తుంది. తలుపు గడియలు, కుట్టుమిషన్ కాళ్ళు, మూత లేని కూజాలు, తాళాలు పోయి మిగిలిన తాళంచెవుల గుత్తులు, ఎవరిదో పెళ్ళి ఆల్బం, సుత్తులు, రంపాలు, నులక మంచాలు, వాటి పక్కనే మేకలు, కోళ్ళు. గుజరీ బజార్ అని కొందరు, రవివారీ అని కొందరు పిలుస్తారు. 1414లో సుల్తాన్ అహ్మద్ షా కాలంలో మొదలైన సంత అని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నదీతీరాన్ని బాగుచేసినప్పుడు, 2014లో, ఈ సంతకు కూడా అరుగులూ చెట్లూ దారులూ అమర్చారు. అయినా నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చునే అలవాటు పోలేదు. కొందరు మంచం వేసి దాని మీదే సరుకు సర్దేశారు. 1892 నాటి ఇనుప వంతెన ఇప్పుడు బళ్ళ రద్దీ లేకుండా ఊరికే నిలబడి ఉంది. రాకపోకలన్నీ దానికి అటూ ఇటూ కట్టిన కొత్త వంతెనల మీదే.

నేను అక్కడికి సరుకు కొనడానికి వెళ్ళాను. కాకినాడలో ఇంటి నుంచే నడుపుకునే చిన్న ఆన్‌లైన్ కొట్టు నాది. పాత వంటింటి సామాను, రేకు పెట్టెలు, తాళాలు, అచ్చులు, అడకత్తెరలు, ఎనామిల్ గిన్నెలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాను. నచ్చినవాళ్ళు డబ్బు పంపితే పార్శిల్ కడతాను. ప్రయాణంలో ఉన్నా కొట్టు మూసేది లేదు. పొద్దున్న సంత, మధ్యాహ్నం పోస్టాఫీసు, సాయంత్రం లాడ్జి గదిలో ఫొటోలు. కిటికీ పక్కకు కుర్చీ జరిపి దాని మీద తెల్ల దుప్పటి కప్పితే అదే స్టూడియో. టేపుతో కొలవడం, వంటింటి కాటా మీద తూచడం, అడుగున ఏ ముద్ర ఉందో చూడడం, ఎక్కడ సొట్ట పడిందో రాసుకోవడం. ఆ పని అయ్యాకే భోజనం.

ఈ వ్యాపారంలోకి దిగేవాళ్ళు ముందుగా నేర్చుకోవాల్సింది ఏది కొనకూడదో. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పం, చిత్రం, కళాత్మక వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించనే కూడదు. అందుకని దేవుడి విగ్రహాలు, తాళపత్రాలు కనబడితే దణ్ణం పెట్టి ముందుకు సాగిపోతాను. మా అమ్మమ్మ వంటింట్లో ఉండదగ్గ సరుకు అయితేనే ఆగుతాను.

రవివారీలో నన్ను ఆపినవి కర్ర అచ్చులు. బట్టల మీద అద్దే టేకు అచ్చులు గోనెసంచి నిండా ఉన్నాయి. గాంధీనగర్ దగ్గర పేథాపూర్ అనే ఊరు ఈ అచ్చులు చెక్కడానికి పేరుపడింది. ఒకప్పుడు సియాం దేశపు బజారుకు గుజరాత్ నుంచి వెళ్ళిన సౌదాగిరీ బట్టలకు అచ్చులు చెక్కింది ఆ ఊరివాళ్ళే. చేతిలోకి తీసుకుంటే గీతల సందుల్లో ఎండిన రంగు ఇంకా ఉంది. వెనక వైపు పిడి చేతి చెమటకు నల్లబడి, బొటనవేలు ఆనేచోట కాస్త గుంటపడింది. అచ్చు నొక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి సన్నటి బెజ్జాలు తొలిచారు. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. గీతకు ఒక అచ్చు, నింపే ప్రతి రంగుకూ ఇంకో అచ్చు కావాలి. ఈ సంచిలో మాత్రం జతలు ఎప్పుడో చెదిరిపోయాయి. గీత అచ్చు ఉంటే రంగు అచ్చు లేదు.

"బోణీ బేరం, బెన్, మాట తీసెయ్యకండి" అన్నాడు ముసలాయన. బోణీ లెక్క అక్కడా ఇక్కడా ఒకటే. మొదటి గిరాకీని పోగొట్టుకోకూడదు. గిరాకీ కూడా మరీ గీసి గీసి అడక్కూడదు. ఆయన చెప్పిన ధరకు కాస్త తగ్గించి ఒప్పుకున్నాం. డబ్బు అందాక రెండో సంచి తెరిచాడు. అందులో నూలు మిల్లుల బాబిన్లు, ఇత్తడి మొనల కండెలు. అహ్మదాబాద్‌లో మొదటి బట్టల మిల్లు 1861లో మొదలైంది. గడిచిన శతాబ్దం చివరికి పెద్ద మిల్లులు చాలావరకు మూతబడ్డాయి. ఆ బాబిన్లకు ఇప్పుడు పూలగుత్తి గుచ్చుకునే వాళ్ళు, దీపం స్టాండు చేసుకునే వాళ్ళు గిరాకీ. "మా నాన్న మిల్లులో చేశాడు. ఇవి వందలు వందలు పారబోస్తుంటే చూశాను" అన్నాడాయన, పెద్ద బాధేమీ లేకుండా. ఆ పూట తిండి కూడా ఆదివారానిదే. ఊరంతా ఫాఫ్డా, జిలేబీ. కరకరలాడే శనగపిండి పట్టీని తీపితో కలిపి తినడం మన నాలుకకు మొదట వింతగానే ఉంటుంది. పక్కన పెట్టే పచ్చిబొప్పాయి తురుము, వేయించిన పచ్చిమిర్చి రెంటికీ రాజీ కుదురుస్తాయి.

ఆ సాయంత్రం విశాలా హోటల్ ఆవరణలోని వేచార్ మ్యూజియానికి వెళ్ళాను. వంట పాత్రల కోసమే పెట్టిన మ్యూజియం అది. నీళ్ళ బిందెలు, డబ్బాలు, గోడ నిండా అడకత్తెరలు. నెమలి ఆకారంలో, గుర్రం ఆకారంలో, చిలక ఆకారంలో. వక్క కత్తిరించే పనికి ఇంత సింగారం ఎందుకు అంటే, చుట్టాలొచ్చినప్పుడు అందరి ముందూ తీసే వస్తువు కదా. మన ఇళ్ళలో సామెతల్లోకి వెళ్ళిపోయి వంటింట్లోంచి మాయమైన అడకత్తెర అక్కడ గాజు వెనక దర్జాగా కూర్చుంది. ఊరు ఏది దాచుకుందో మ్యూజియంలో చూడొచ్చు. ఏది వదిలించుకుందో సంతలో చూడొచ్చు. ఒకే రోజు రెండూ చూసిన ఆ ఊళ్ళోనే ఈ ప్రయాణానికి ఒక దారి దొరికింది.

అక్కణ్ణించి భావ్‌నగర్ మీదుగా అలంగ్. మందపాటి గాఠియా, పచ్చిమిర్చి, వేడి టీ తప్ప దారిలో చెప్పుకోవాల్సింది లేదు. పొడి నేల, తుమ్మచెట్లు, పత్తి చేలు. ఉన్నట్టుండి రోడ్డుకు రెండు వైపులా సముద్రం మీద ఉండాల్సినవన్నీ కనిపిస్తాయి. లైఫ్‌బోట్లు, నారింజరంగు జాకెట్లు, గుట్టలు గుట్టలుగా పరుపులు, ఉక్కు సింకులు, మనిషి దూరేంత వంట కళాయిలు, వ్యాయామ యంత్రాలు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా దేశంలోనే ఎక్కువ. పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను పూర్తి వేగంతో ఒడ్డెక్కిస్తారు. నీళ్ళు తీశాక అది బురదలో కూలబడుతుంది. 1983 నుంచి అక్కడ ఇదే పని. ఒడ్డున ఉక్కు కోసే యార్డుల్లోకి మనల్ని రానివ్వరు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ కూలీలు ప్రాణాలకు తెగించి చేసే పని అది. ప్రమాదాలు, ఆస్బెస్టాస్ మీద ఏళ్ళ తరబడి గొడవలయ్యాక 2019లో ఓడల రీసైక్లింగ్‌కు ప్రత్యేక చట్టం వచ్చింది. ఉక్కు రోలింగ్ మిల్లులకు పోతుంది. మిగతాదంతా ఈ రోడ్డు మీదికి వస్తుంది.

ఒక కొట్లో పింగాణీ తిరగేస్తూ ఫోన్‌లో మా ఇంటికి తెలుగులో మాట్లాడుతుంటే, వెనక నుంచి "అక్కా, మీదే ఊరు?" అని వినిపించింది. బరంపురం దగ్గర పల్లె కుర్రాడు. ఇంట్లో ఒడియా, బజార్లో తెలుగు వింటూ పెరిగాడట. ఓడ మీద వాడే పళ్ళేన్ని ఎలా గుర్తుపట్టాలో అతనే చూపించాడు. అడుగు వెడల్పుగా ఉండాలి, అంచు మందంగా ఉండాలి, ఓడ ఊగినా జారిపోకూడదు. బల్లలకు చుట్టూ చిన్న గట్టు కూడా అందుకే. గోడలకు తగిలించే హెచ్చరిక పలకలు కొరియా లిపిలో, రష్యన్‌లో, గ్రీకులో ఉన్నాయి. యజమాని ఒక నీలి అంచు కప్పు అందుకుని, ఇది కెప్టెన్ వాడిన కప్పు, మామూలుది కాదు అన్నాడు. కుర్రాడు తెలుగులోకి మారి నవ్వాడు. "కెప్టెన్ ఒక్కడే కదక్కా, ఆయనకిన్ని కప్పులెందుకు? లోపల ఇంకా రెండు పెట్టెలున్నాయి."

ఆ రాత్రి భావ్‌నగర్ గదిలో ఆ కప్పు గురించి రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆగింది. కెప్టెన్ కప్పు అని రాస్తే అరగంటలో పోతుంది, రెట్టింపు ధరకు పోతుంది. కాదని రాస్తే వారం పడుతుంది. పాత వస్తువుల బజారు అంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. అమ్మే ప్రతివాడి దగ్గరా వస్తువుతో పాటు ఒక కథ ఉంటుంది. కథ ఎప్పుడూ ఒక రాజుదో దొరదో అయి ఉంటుంది. ఓడలో గిన్నెలు కడిగినవాడి కప్పు అని అమ్మినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. "అలంగ్‌లో విప్పిన ఓడ నుంచి వచ్చిన కప్పు. ఏ ఓడో తెలియదు. చెవి దగ్గర వెంట్రుక పాటి గీత ఉంది, టీ కారదు" అని రాసి పెట్టాను. వింతేమిటంటే, ఇలా రాయడం అలవాటయ్యాక ఊళ్ళను చూసే చూపే మారుతుంది. ఊరికే తిరిగేటప్పుడు అందంగా ఉంది అనుకుని దాటిపోయేవాటిని ఇప్పుడు తిరగేసి అడుగు చూస్తాను. ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఎందుకు వదిలారు అని అడుగుతాను. సరుకు కొనేవాణ్ణి జనం కూడా యాత్రికుడిలా చూడరు. లోపలికి రమ్మంటారు, స్టూలు వేస్తారు, పొరుగు కొట్టువాడి మీద చాడీలు చెబుతారు. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్టు, చిన్న బేరమైనా ఒక పూట స్నేహం దొరుకుతుంది.

ముంబైలో చోర్ బజార్ మటన్ స్ట్రీట్ కొట్లకు శుక్రవారం సెలవు. కానీ అదే శుక్రవారం తెల్లవారకముందే ఆ చుట్టుపక్కల వీధుల్లో జుమ్మా బజార్ కూడుతుంది. చీకట్లో ఫోన్ లైట్లు వేసుకుని కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. సగం బేరాలు కొట్టువాళ్ళకూ కొట్టువాళ్ళకూ మధ్యే జరుగుతాయి. హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కు గురువారం వెళ్ళినవాళ్ళకు ఈ తోపులాట కొత్త కాదు. తేడా ఓపికలో ఉంది. హైదరాబాద్‌లో అమ్మేవాడు కాసేపు కబుర్లాడతాడు. ఇక్కడ ధర అడిగి రెండు క్షణాలు ఆలోచిస్తే వస్తువు పక్కవాడి చేతిలో ఉంటుంది. పొద్దెక్కాక నిహారీ, రొట్టె తిని కూర్చుంటే గానీ చెవుల్లో హోరు తగ్గదు. అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే కామాటిపుర. నిజాం రాజ్యం నుంచి, తెలుగు నేల నుంచి వలస వెళ్ళి బొంబాయిలో భవనాలు కట్టిన కామాటీల పేరు ఆ పేటకు మిగిలింది. వాళ్ళు కట్టిన ఊళ్ళో ఆ చుట్టుపక్కల పాత భవనాలు ఇప్పుడు కూల్చి టవర్లు లేపుతున్నారు. కూల్చిన ఇళ్ళ కిటికీ రెక్కలు, మెట్ల కటకటాలు వీధిలో అమ్మకానికి ఉన్నాయి.

నకిలీ సరుకును గుర్తుపట్టడం చోర్ బజార్‌లోనే నేర్చుకోవాలి. తళతళలాడే ఇత్తడి గొట్టం, కుక్క బొమ్మ రేకు పెట్టిన గ్రామఫోన్లు వరసగా ఉంటాయి. పెట్టె కర్ర నిన్నమొన్నటిది. సినిమా పోస్టరు అడుగున ప్రెస్సు పేరు, ఊరు చిన్న అక్షరాల్లో ఉందా, మడతల దగ్గర కాగితం నలిగి తెల్లబడిందా చూడాలి. నిగనిగలాడే కాగితం మీద మడతలు కూడా అచ్చేసి ఉంటే నవ్వి ఊరుకోవాలి. ఒక నగల పెట్టెకు నూటయాభై ఏళ్ళన్నాడు ఒకాయన. తిరగేస్తే మడతబందులకు ప్లస్సు గుర్తు స్క్రూలు. ఆ రకం స్క్రూ వాడకంలోకి వచ్చింది 1930ల్లో. ఆయనకు చూపించాను. ఏమాత్రం తొణక్కుండా "పెట్టె పాతది మేడమ్, స్క్రూ మార్చాం" అన్నాడు. నిజమే కావచ్చు కూడా. ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పలేం. స్క్రూ కింద ఇంకో పాత బెజ్జం ఉందేమో చూడాలి. లేదు. పెట్టె కొనలేదు గానీ ఆయన తెప్పించిన కటింగ్ చాయ్ తాగాను. ఇద్దరం కాసేపు ధరల గురించి వాపోయాం.

కారైకుడిలో బేరం అంత గట్టిగా వినిపించదు. మునీశ్వరన్ కోయిల్ వీధిలో పాత సామాన్ల కొట్లు వరసగా ఉన్నాయి. ముందు గది ఇరుకు, వెనక గోదాము లోతు. "వాంగ అక్కా" అని పిలిచి, కుర్చీ చూపించి, తన పనిలో తను పడతాడు యజమాని. మనమే దుమ్ములో దేవుకోవాలి. ఇక్కడి సరుకు చెట్టినాడు మేడలది. నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి గడించిన డబ్బుతో డెబ్బైకి పైగా ఊళ్ళలో ఈ మేడలు కట్టారు. ముఖద్వారం ఒక వీధిలో ఉంటే పెరటి గుమ్మం పై వీధిలో ఉంటుంది. స్తంభాలు బర్మా టేకు, గోడలకు గుడ్డు తెల్లసొన కలిపిన సున్నం పూత, నేల ఆత్తంగుడి పలకలు. 1930ల మాంద్యం, 1942లో జపాన్ బర్మాను ఆక్రమించడం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. ఒక్కో మేడకు ఇప్పుడు పదుల సంఖ్యలో వారసులు. పైకప్పు కారితే బాగుచేయించేవాళ్ళు ఉండరు గానీ, అమ్మితే వాటా అడిగేవాళ్ళు ఉంటారు. అలా స్తంభాలతో, ద్వారబంధాలతో సహా విప్పేసిన ఇళ్ళు ఈ వీధిలో గోడలకు చేరగిలబడి ఉన్నాయి.

నేను వెతికింది ఎనామిల్ గిన్నెలు. మీగడ రంగుకు పచ్చ అంచు, అడుగున కోకుమ్స్ ముద్ర, మేడ్ ఇన్ స్వీడన్ అని అక్షరాలు. స్వీడన్‌లో చేసిన గిన్నె కారైకుడి వంటింటికి చేరిందంటే, ఓడల దారులు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. కొట్టువాడు వాటిని వరిగడ్డిలో చుట్టి కట్టాడు. అంతకన్నా మంచి ప్యాకింగ్ నాకు ఏ ఊళ్ళోనూ దొరకలేదు. మధ్యాహ్నం భోజనం చివర కవుణి అరిసి పెట్టారు. నల్లటి జిగురు బియ్యం, కొబ్బరి, చక్కెర. అదీ బర్మా నుంచి వచ్చిందే. సాయంత్రం వీధి చివర అమ్మే కుళి పణియారం మాత్రం మన రాయలసీమ గుంతపొంగణానికి తోబుట్టువు.

ఈ ఊళ్ళోనే అహ్మదాబాద్ అచ్చుకు గిరాకీ వచ్చింది. పెడనలో అద్దకం పని చేసే ఒకాయన మెసేజ్ పెట్టాడు. ఏ కాలంది, ఎవరి డిజైన్ అని అందరూ అడిగేవి అడగలేదు. "గీత తెగకుండా పడుతుందాండీ? చెక్క వంగిందా?" అన్నాడు. స్టేషనరీ కొట్లో స్టాంపు ప్యాడ్ ఇంకు కొని, లాడ్జి బల్ల మీద కాగితం పరిచి అద్ది చూపించాను. ఒక మూల తీగ దగ్గర చిన్న తెగు ఉంది. "అది నేను చెక్కుకుంటా" అని డబ్బు పంపేశాడు. గోడకు తగిలించుకుంటామన్నవాళ్ళు ఎక్కువే ఇచ్చేవాళ్ళు. ఈ అమ్మకం మీద నాకు రెండో ఆలోచన లేదు.

ఇక ఇత్తడి, స్టీలు. చెట్టియార్ల ఆడపిల్లకు పెళ్ళిలో సారెగా పెట్టే పాత్రలు డజన్ల లెక్కన ఉండేవి. ప్రతిదాని మీదా పొడి అక్షరాల్లో పేరు, ఇంటి గుర్తు. ఒక మరచెంబు మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన తమిళ అక్షరాలు కనబడ్డాయి. మన దగ్గరా స్టీలు సామాన్ల కొట్లో పేరు చెక్కించుకోని గిన్నె ఇంటికొస్తుందా? పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పక్కింటికి వెళ్ళిన గిన్నె తిరిగి రావాలి కదా. "పేరు అరగదీయించేస్తాను అక్కా, కొనేవాళ్ళకు నచ్చదు" అన్నాడు కొట్టువాడు. వద్దన్నాను. నిజానికి చాలామందికి నచ్చదు. పేరు లేనిది ఉందా అని నా గిరాకీలే అడుగుతారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. పేరుంటే అది ఇంకొకరిదిగానే ఉంటుంది. పేరు తీసేస్తే మాత్రం, ఆ చెంబు గురించి నాకు కచ్చితంగా తెలిసిన ఒకే ఒక్క నిజం పోతుంది. పేరుతోనే ఫొటో తీసి పెట్టాను. ఇంటికి వచ్చాక చాన్నాళ్ళకు అమ్ముడైంది.

తిరిగొచ్చి పార్శిళ్ళన్నీ పంపేశాక కూడా కారైకుడి నన్ను వదల్లేదు. అందుకు కారణం మా ఊరే. బర్మాకు వెళ్ళింది చెట్టియార్లు ఒక్కరే కాదు. మా గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వేలాదిమంది తెలుగువాళ్ళు రంగూన్ రేవులో మూటలు మోయడానికి, బియ్యపు మిల్లుల్లో పనికి ఓడలెక్కారు. కాకినాడ పక్కనున్న కోరంగి పేరుతోనే అక్కడ తెలుగువాళ్ళను పిలిచేవారు. 1942లో లక్షలమంది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, ఆ తర్వాత దుకాణాలు జాతీయం చేశాక మళ్ళీ కట్టుబట్టలతో వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది.

అదే సముద్రం దాటినవాళ్ళే ఇద్దరూ. ఒకరి స్తంభాలు, గిన్నెలు, అద్దాలు ఒక వీధి నిండా అమ్మకానికి ఉన్నాయి. రెండోవాళ్ళవి అని చెప్పదగ్గ వస్తువు ఒక్కటి కూడా నాకు ఏ సంతలోనూ తారసపడలేదు. సంతను చూస్తే ఊరు ఏం వదిలించుకుందో తెలుస్తుందని అహ్మదాబాద్‌లో అనుకున్నాను. ఆ మాట సగమే నిజం. వదిలించుకోవడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి. సంత నమ్మదగిన సాక్షే గానీ, ఆస్తి ఉన్నవాళ్ళ తరఫు సాక్షి. మిగతావాళ్ళ సంగతి కావాలంటే మనుషుల దగ్గరకే వెళ్ళి అడగాలి, అడగడానికి వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి. అందుకని ఈసారి కంచరపాలెం వెళ్తున్నాను. కొనడానికి ఏమీ దొరకదని తెలిసే వెళ్తున్నాను.